తొమ్మిది పెంకు బిళ్ళలు

ఎం.ఏ. ఆర్కియాలజీ రెండో ఏడు చదువుతున్న కౌండిన్యకు తవ్వకాల్లో తొమ్మిది బిళ్ళలు దొరికాయి. రెండువేల ఏళ్ళ నాటి ఇంటి గడప బయట, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కుండపెంకుల అంచులు అరగదీసి గుండ్రంగా చేసినవి. అన్నిటికీ ఒకవైపే సన్నని గీతలు.

ఇక మనవాడి కాళ్ళు నేల మీద ఆగలేదు. తొమ్మిదంటే నవగ్రహాలన్నాడు. గడప దగ్గరున్నాయి కాబట్టి పూజకే అన్నాడు. గీతలేమో మంత్రాలట! వారం తిరక్కుండా నలభై పేజీలు రాసేశాడు. థీసిస్ అంశం మర్నాటికల్లా విభాగానికి చేరాలి, లేకపోతే ఏడాది పోతుంది. చేరాలంటే అతని గైడ్ జుబేదా మేడమ్ సంతకం కావాలి.

తవ్వకాల్లోనే తల నెరిసిన మనిషి ఆవిడ. పందిరి కింద కూర్చుని నలభై పేజీలూ ఓపిగ్గా చదివింది.

"పూజావస్తువులని ఎవరు చెప్పారు?"

"ఇంకేమవుతాయి మేడమ్? వీటితో వేరే పనేముంది?"

మేడమ్ సంతకం పెట్టలేదు. లేచి కొంగు బొడ్లో దోపింది. కర్రతో నేల మీద గళ్ళు గీసింది. పక్కనే పడున్న ఇప్పటి ఇంటిపెంకు ముక్కను రాయి మీద అరగదీసి, మొదటి గడిలోకి విసిరింది. అరవై ఏళ్ళ మనిషి ఒంటికాలి మీద కుంటుతూ, దాన్ని కాలితో గడి గడికీ తోసుకుంటూ పోయింది.

మట్టి మోస్తున్న నాంచారమ్మ తట్ట దించేసింది. "తొక్కుడుబిళ్ళా! ఎన్నాళ్ళయిందో మేడంగారూ, నేనూ వస్తా!"

హాస్టళ్ళలో పుస్తకాల మధ్య పెరిగిన కౌండిన్యకు ఈ ఆట తెలియదు. "నువ్వూ రా బాబూ" అంది మేడమ్. సిగ్గుపడుతూనే దిగాడు. రెండో గడి దాటాడో లేదో, "గీత తొక్కారు సారూ, ఔటు!" అని నాంచారమ్మ చప్పట్లు కొట్టింది.

ఆమెకు ఇద్దామని బిళ్ళ తీసి, అలవాటుగా తిరగేసి చూశాడు. అడుగున నేల రాసుకున్నచోట సన్నని గీతలు. అవే గీతలు.

నలభై పేజీలు పోయినందుకు ఏడుపు రావాలి. నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు.

తవ్వకం మొదలయ్యాక మొదటిసారి నాంచారమ్మను ఓ మాట అడిగాడు. "మరి గడప బయటెందుకు పెట్టారంటావమ్మా?"

"మట్టిబిళ్ళలు ఇంట్లోకి తెస్తే తల్లి ఊరుకుంటదా సారూ? మా అమ్మయితే వీపు వాయగొట్టేది!"

కౌండిన్య పరుగున పోయి తెల్లకాగితం తెచ్చాడు. మోకాలి మీదే పెట్టుకుని, "ఆటబిళ్ళలు" అని పైన రాసి, కింద నాలుగు ముక్కలు గబగబా రాసి ఇచ్చాడు.

మేడమ్ చదివి పెన్ను తీసింది. మళ్ళీ మూసేసి కాగితం అతనికే ఇచ్చింది.

"ముందు ఫుట్‌నోట్‌లో నాంచారమ్మ పేరు రాయి. తర్వాత నేను సంతకం పెడతా."