ఒక్క పిల్ల అడిగిన పేపరు

దాలినాయుడు స్కూటరుకి స్టాండు కూడా సరిగా వేయకుండా మెట్లెక్కాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"మాస్టారూ, మా కాలేజీలో లెక్కల డిపార్టుమెంటు ఉంది గానీ లెక్కలు లేవు!" అన్నాడు.

పట్నాయక్ మాస్టారు వరండాలో కూర్చుని పనసగింజలు ఒలుస్తున్నారు. ఊరి డిగ్రీ కాలేజీ నుంచి ఆయన రిటైరై చాలా కాలమైంది. ఆ ఊళ్ళో లెక్కలు చెప్పేవాళ్ళలో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. దాలినాయుడూ అంతే. ఆయన దగ్గర డిగ్రీ చదివి, యూనివర్సిటీకి వెళ్ళి బంగారు పతకం తెచ్చుకుని, మళ్ళీ అదే కాలేజీలో లెక్చరరుగా చేరాడు.

"కూర్చుని తిట్టు," అన్నారు మాస్టారు, పీట ముందుకు జరుపుతూ.

దాలినాయుడు కూర్చోలేదు. నిలబడే తిట్టాడు.

సంగతేమిటంటే, ఆ కాలేజీ గేటు పక్కన పెద్ద బోర్డు ఉంది. బి.ఎస్సీ. గణితంలో తాము చెప్పే కోర్సుల పేర్లన్నీ దాని మీద రంగులతో రాయించారు. తనిఖీకి ఎవరొచ్చినా ముందు ఆ బోర్డు దగ్గరే ఫొటో. ఐదో సెమిస్టరులో సంఖ్యా సిద్ధాంతం గానీ, న్యూమరికల్ మెథడ్స్ గానీ, విద్యార్థులు తమకిష్టమైన పేపరు తీసుకోవచ్చని కూడా రాసి ఉంది. తీసుకోవచ్చట! ఆ ముక్క రాయించినవాళ్ళకి సిగ్గుండాలి. నీకేది ఇష్టమమ్మా అని ఏ పిల్లనూ అడిగిన పాపాన పోలేదు. సెమిస్టరు మొదట్లో ఎవరో ఒక లెక్చరరు క్లాసులోకి వచ్చి, "అందరూ న్యూమరికల్ మెథడ్స్ పెట్టేయండి, క్యాలిక్యులేటరుంటే పాసైపోతారు" అంటాడు. అందరూ అదే పెడతారు. దాన్ని ఎంపిక అంటారు.

ఈసారి దాలినాయుడు పట్టుబట్టి, క్లాసులో రెండు పేర్లూ చదివి చేతులెత్తమన్నాడు. సంఖ్యా సిద్ధాంతానికి ఒకే ఒక్క చెయ్యి లేచింది.

"ప్రిన్సిపాలు ఏమన్నాడో తెలుసా మాస్టారూ? 'ఒక్క పిల్ల కోసం పేపరు నడపడానికి ఇదేమైనా ట్యూషనా? ఆ పిల్లనీ ఇటు మార్పించెయ్' అన్నాడు. నాకు పతకం వచ్చిందే సంఖ్యా సిద్ధాంతానికి! ఈ కాలేజీలో చేరింది మొదలు ఒక్కసారి చెప్పనిచ్చిన పాపాన పోలేదు. మరి గేటు దగ్గర ఆ పేరెందుకు? తుడిచెయ్యమనండి. నల్లరంగు డబ్బా నేనే కొనిస్తాను!"

మాస్టారు చేతిలో పొట్టు ఊదేశారు. "నీ కోపం న్యాయమైనదే. వింటుంటే నాకూ ఒళ్ళు మండుతోంది," అన్నారు.

"అయితే మీరొచ్చి ఆయనతో ఒక్క మాట చెప్పండి. ఆయనా మీ శిష్యుడేగా. మీ మాట తీసెయ్యలేడు."

"చెబుతాను. ఇంతకీ ఆ పిల్ల ఏమంది?"

"ఏ పిల్ల?"

"చెయ్యెత్తిన పిల్ల."

దాలినాయుడు కాస్త తడబడ్డాడు. "ఏమంటుంది? ఆ పేపరు లేదమ్మా, ఇది పెట్టుకో అన్నాను. సరే సార్ అని కూర్చుంది."

"ఆ పేపరే ఎందుకు కావాలందో?"

"అడగలేదు."

"పేరు?"

"అదీ అడగలేదు."

మాస్టారు చేతులు కడుక్కుని, చొక్కా తొడుక్కుని, "పద," అన్నారు.

స్కూటరు మీద దారి పొడుగునా దాలినాయుడు ప్రిన్సిపాలుని ఎలా నిలదీయాలో మాస్టారుకి చెబుతూనే ఉన్నాడు. మాస్టారు ఊఁ కొడుతూనే ఉన్నారు. తీరా కాలేజీకి వెళ్ళాక ప్రిన్సిపాలు గది ముందు నుంచి నడిచి వెళ్ళిపోయారు. "ఇటు మాస్టారూ, గది ఇటు!" అని దాలినాయుడు పిలిచినా వెనక్కి చూడలేదు. నేరుగా ఐదో సెమిస్టరు క్లాసులోకి వెళ్ళారు.

భోజనాల వేళ. నలుగురైదుగురు పిల్లలు క్యారియర్లు తెరిచి తింటున్నారు.

"సంఖ్యా సిద్ధాంతం కావాలన్నది ఎవరమ్మా?"

కిటికీ పక్కనున్న అమ్మాయి బెదురుగా లేచి నిలబడింది. "నేనే సార్. మార్చేసుకున్నాను సార్."

"పేరేటమ్మా?"

"సుగుణ సార్. బిడ్డిక సుగుణ. కొండ మీద ఊరు మాది."

"ఆ పేపరెందుకు కావాలనుకున్నావు?"

సుగుణ ఒకసారి దాలినాయుడి వైపు చూసింది. "ప్రధాన సంఖ్యలు ఎంత దూరమెళ్ళినా అయిపోవని పదో తరగతిలో చెప్పారు సార్. ఎవరైనా చివరిదాకా వెళ్ళి చూశారేటి, ఎలా తెలుసు అనడిగాను. ఇంటర్లో చెబుతారన్నారు. ఇంటర్లో అడిగితే ఎంట్రన్సుకి అక్కర్లేదు, డిగ్రీలో చెబుతారన్నారు. ఇక్కడ మొదటేడు ఈ సారునే అడిగాను. ఐదో సెమిస్టరులో సంఖ్యా సిద్ధాంతం ఉంది కదా, అందులో వస్తుందన్నారు." ఆ పిల్ల గొంతు గట్టిపడింది. "ఇప్పుడా పేపరే లేదన్నారు. డిగ్రీ అయ్యాక మా ఇంట్లో చదివించరు. ఇంక నేనెవర్ని అడగాలి సార్?"

క్లాసులో తినేవాళ్ళు తినడం ఆపేశారు.

ఆ జవాబు చెప్పడానికి పేపరు అక్కర్లేదు, సెమిస్టరూ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ సంగతి ఆ కాలేజీలో అందరికంటే దాలినాయుడికే బాగా తెలుసు.

మాస్టారు బల్ల మీదున్న సుద్దముక్క తీసి అతని చేతిలో పెట్టారు. తను వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నారు.

"అయిపోయాయనుకుందాం," అన్నాడు దాలినాయుడు. బోర్డు మీద నాలుగు అంకెలు రాసి, మళ్ళీ అన్నాడు. "ఏడుతో అయిపోయాయనుకుందాం. రెండు, మూడు, ఐదు, ఏడు. ఇంకేవీ లేవు. వీటన్నిటినీ గుణించి ఒకటి కలుపు."

"రెండొందల పదకొండు."

"దాన్ని వీటిలో దేనితోనైనా భాగించు."

సుగుణ పెదాలు కదిలాయి. "రెండుతో చేస్తే ఒకటి మిగుల్తాది. మూడుతోనూ ఒకటే." ఆగింది. "దేంతో చేసినా ఒకటే మిగుల్తాది. అంటే దాన్ని భాగించేది మన దగ్గర లేనిదేదో ఉండాలి. ఏడు దగ్గర కాకుండా ఇంకెక్కడ ఆపినా ఇలాగే చెయ్యొచ్చు... ఇంతేనా సార్?"

"ఇంతే."

"ఇంతేనా?" ఈసారి ఆ మాటలో కోపం ఉంది. "దీనికా సార్ నన్ను ఇన్నేళ్ళు తిప్పారు?"

దాలినాయుడు తల దించుకున్నాడు. సుగుణ మాత్రం అతని జవాబు కోసం ఆగలేదు. బోర్డు వైపే చూస్తోంది. వెనక ఎవరో క్యారియరు మూతపెట్టి ముందు బెంచీకి వచ్చారు.

"మరి పదకొండు, పదమూడు సార్. పదిహేడు, పందొమ్మిది. ఇలా రెండు తేడాతో వచ్చే జంటలు? అవీ అయిపోవా?"

"అది ఎవరికీ తెలియదమ్మా."

"యూనివర్సిటీలో కూడానా?"

"ప్రపంచంలో ఎవరికీ."

సుగుణ కూర్చోబోయినదల్లా మానేసింది. "అయితే ఎంతవరకు తెలుసో అంతవరకు చెప్పండి సార్," అంది.

దాలినాయుడు డస్టరు తీసుకుని బోర్డంతా తుడిచాడు. ఇటు తిరిగేసరికి మాస్టారు గుమ్మం దగ్గరున్నారు.

"ఎక్కడికి మాస్టారూ?"

"ప్రిన్సిపాలుకి ఒక్క మాట చెప్పమన్నావుగా."

"ఏమని చెబుతారు?"

"సంఖ్యా సిద్ధాంతం మొదలైపోయిందని."