చింతపిక్క నడిచిన దారి

సీతారత్నం గారిది ఒక వింత పట్టుదల. కాకినాడలో ఆవిడ దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి ఎవరొచ్చినా, మొదటి నెల కంప్యూటర్‌ని తాకనిచ్చేవారు కాదు. ప్రోగ్రాముని పెన్సిలుతో కాగితం మీద రాయాలి, వరసకొక్క ఆజ్ఞ. ఆ తర్వాత ఒక చింతపిక్కని మొదటి వరస మీద పెట్టి, అక్కడ రాసినట్టు చేసి, తర్వాతి వరస మీదికి జరపాలి. పిక్క కాగితం దాటి బయటికొస్తే ప్రోగ్రాము పూర్తయినట్టు. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు సైతం మూతి ముడుచుకుని పిక్కలు జరిపేవారు.

అలా జరిపినవాళ్ళలో ఇందుమతి ఒకతె. అది జరిగి పన్నెండేళ్ళయింది. ఒక ఆదివారం పొద్దున్న, ఏడేళ్ళ కూతురు మేఖలని వెంటబెట్టుకుని గురువుగారిని చూడ్డానికి వచ్చింది. నాలుగు పళ్ళు తేవడం మరిచిపోయింది గానీ లాప్‌టాప్, దాని చార్జరు మాత్రం భద్రంగా తెచ్చుకుంది.

"ఈ పని మానేద్దామనుకుంటున్నాను మేడమ్," అంది కూర్చుంటూనే. "ప్రోగ్రాములు ఇప్పుడు మిషన్లే రాసేస్తున్నాయి. ఆదివారం లేదు, అన్నం వేళ లేదు, వాటిని చూసుకుంటూ కూర్చోవడమే నా బతుకైపోయింది. పోనీ కాసేపు పక్కన పెడదామంటే చెయ్యి ఊరుకోదు. మీ దగ్గర అంత కష్టపడి నేర్చుకున్నది ఇక ఎందుకైనా పనికొస్తుందా?"

మానేద్దామని పైకి అందే గానీ, ఆ విద్యంటే ఆమెకి ప్రాణం.

సీతారత్నం గారు కాగితం, పెన్సిలు ముందు పెట్టి, "నిన్న నువ్వు రోజంతా చేసింది ప్రోగ్రాముగా రాయి," అన్నారు.

ఇందుమతి నవ్వుకుంటూ నాలుగు వరసలు రాసింది. ఫోను చూడు. కబురేదైనా ఉంటే జవాబివ్వు. లాప్‌టాప్ చూడు. మళ్ళీ మొదటి వరసకి వెళ్ళు.

గురువుగారు చింతపిక్కని మేఖల చేతికిచ్చి, ఎలా నడపాలో చెప్పారు. పిల్ల బోర్లా పడుకుని, ఒక్కో వరసా చదువుకుంటూ, బుద్ధిగా పిక్క జరపసాగింది. రెండు చుట్లయ్యాయి, పది చుట్లయ్యాయి. ఇంతలో ఫోను చిన్నగా మోగింది. ఇందుమతి చెయ్యి దానంతటదే అటు వెళ్ళింది.

మేఖల పిక్కని మూడో వరస మీదే ఆపేసింది. "కాసేపు ఆగుదాం మామ్మగారూ," అంది ఎంతో మర్యాదగా. "అమ్మ ఇప్పుడు లేదు. వచ్చేస్తుంది."

ఆ అమ్మ జానెడు దూరంలో కూర్చుని ఉంది. ఫోను బోర్లా పెట్టేసింది గానీ, మొహం ఎత్తలేకపోయింది. పిల్లకి ఇవేవీ పట్టలేదు. మరో నాలుగు చుట్లు తిప్పి, విసుగొచ్చి, "ఇది బయటికెలా వెళ్తుందమ్మా? దారే లేదు!" అంది.

ఇందుమతి కాగితం వంక చూసింది. మొదటి వారం పిల్లలు చేసే తప్పు. తిరగమని రాసి, ఎప్పుడు ఆగాలో రాయకపోవడం. ఇంకొకరి ప్రోగ్రాములో అయితే రెప్పపాటులో పట్టుకునేది. కళ్ళు నిండుతుండగా పెన్సిలు తీసుకుని, మూడో వరసకీ నాలుగో వరసకీ మధ్య ఇరికించి ఇంకో వరస రాసింది.

మేఖల కూడబలుక్కుని చదివింది. "మేఖల పిలిస్తే బయటికి వచ్చెయ్."

చదివి, కాసేపు ఆలోచించింది. తర్వాత, నిజమో కాదో చూద్దామన్నట్టు, "అమ్మా," అని మెల్లగా పిలిచింది. పిలిచి, పిక్కని కాగితం అంచు దాటించి తల్లి ఒళ్ళో పడేసింది. ఇందుమతి పిల్లని దగ్గరికి లాక్కుని చాలాసేపు వదల్లేదు.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనే లేదు మేడమ్," అంది.

సీతారత్నం గారు ఆ కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టారు. "నువ్వు మొదట రాసిన నాలుగు వరసలూ ఏ మిషన్నడిగినా రాసిపెట్టేదే. మధ్యలో ఇరికించిన ఆ అయిదోది రాసిందెవరే?" అన్నారు.