కుక్కల సాక్ష్యం

చిత్రావరంలో ఊరిపెద్దను ఎన్నుకునే రోజది. ఆర్నెల్లుగా ఊళ్లో ఉంటున్నవాళ్లే పోటీకి నిలబడాలి, వాళ్లే నచ్చినవాడి కుండలో చింతగింజ వేయాలి. అది రాజుగారి శాసనం.

వీధులూడ్చే గవరమ్మ గింజ పట్టుకుని రాగానే, పోటీలో ఉన్న జాగీర్దారు మార్తాండరాయుడు అడ్డుపడ్డాడు.

"సంతపాకలో పడుకునేదానివి. నువ్వీ ఊళ్లో ఉంటున్నావనడానికి సాక్ష్యం ఎవరే?"

రాయుడికి జడిసి ఎవరూ నోరు విప్పలేదు. పేర్లు రాసే సోమనాథయ్య కూడా తల వంచుకున్నాడు.

"మీకు భయపడని సాక్షులున్నారు దొరా," అంటూ గవరమ్మ బజారు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. వీధికుక్కల్లో ఒక్కటీ మొరగలేదు. తోకలాడించుకుంటూ వెంట వచ్చాయి.

"ముద్దలేసి మచ్చిక చేసుకున్నావు!" అని రాయుడు గుడ్లురిమాడు.

"రోజూ ఊళ్లో ఉంటేనే కదా దొరా, రోజూ ముద్ద వేసేది? మీకూ ఇక్కడ మేడ ఉందిగా, ఓసారి నడవండి."

మేడకు తాళం వేసి రాజధానిలో కాపురముండే రాయుడు రోషంగా కదిలాడు. పది అడుగులు వేశాడో లేదో, కుక్కలన్నీ మొరుగుతూ చుట్టుముట్టాయి. అదీ సొంత మేడ గుమ్మం ముందే! రాయుడు పరుగున వెళ్లి పల్లకీ ఎక్కాడు.

సోమనాథయ్యకు ఇరవయ్యేళ్లుగా చదువుతున్న శాసనం ఇవాళ బజారులో నడిచి వెళ్లినట్టనిపించింది. గవరమ్మ పేరు రాశాడు, రాయుడి పేరు కొట్టేశాడు.

సాయంత్రం ఇంటికి బయల్దేరినవాడు బజారు మలుపులో ఆగిపోయాడు. నోరు విప్పని తనను ఆ సాక్షులు ఏమంటారో!