ఓబులేసు కట్టిన కొలిమి

ఓబులేసు కట్టిన గ్యాస్ కొలిమి వీధి చివరిదాకా వినపడేలా గర్జించేది. ఇనుము మాత్రం కాగేది కాదు.

అతనికి కదిరిలో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. వయసు నలభై మూడు. గాజు అద్దాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా అరగదీయగల చెయ్యి అతనిది. ఒకరోజు చత్వారం అద్దాల కోసం వచ్చిన ఒక పెద్దావిడ అరచేతులు చూసి, "ఏం పని చేస్తావవ్వా?" అని అడిగాడు.

"కమ్మరం," అందామె.

ఆ ఒక్కమాట అతని ఆదివారాలన్నింటినీ లాగేసుకుంది.

ఆమె పేరు సుంకులమ్మ. భర్త పెద్దన్నాచారితో కలిసి నలభై ఏళ్ళు పనిచేసింది. ఆయన పటకారుతో ఇనుమును దాకలి దిమ్మె మీద పెట్టి, చిన్న సుత్తితో తట్టి చోటు చూపించేవాడు. ఆమె సమ్మెట ఎత్తి సరిగ్గా అక్కడ వేసేది. ఆయన పోయాక పటకారు తానే పట్టింది. చుట్టుపక్కల బండలు కొట్టేవాళ్ళందరూ ఉలులకు, గడ్డపారలకు మొనలు తీయించుకోవడానికి ఆమె దగ్గరికే వచ్చేవారు. ఎనిమిది నెలలుగా ఓబులేసు ప్రతి ఆదివారం వచ్చి, ఆమె చూపించిన చోట సమ్మెట వేస్తున్నాడు.

"నేనెప్పుడు పట్టుకోవాలవ్వా పటకారు?" అని అడిగేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది.

ఎండలు ముదిరే వేళకు సుంకులమ్మ బొగ్గుల కొలిమి ఆగిపోయింది. చుట్టూ కొత్త ఇళ్ళు లేచాయి. బొగ్గు పొగ కిటికీల్లోంచి వస్తోందని ఒకరిద్దరు వచ్చి చెప్పుకున్నారు. సుంకులమ్మ ఎవరితోనూ వాదించలేదు. వెనక ఇంట్లో పసిబిడ్డ దగ్గుతూ ఏడవడం విన్న రోజున, తనే చెంబెడు నీళ్ళు తెచ్చి బొగ్గుల మీద పోసేసింది.

"దాకలిని పాత ఇనుమోళ్ళకు ఇచ్చేస్తా నాయనా," అంది ఓబులేసుతో. "నెలాఖరుకు బండి తెస్తామన్నారు. అది ఉత్తగా పడుంటే దాని మొకం సూడలేను."

ఓబులేసు దాకలి మీద చెయ్యి వేశాడు. ఎనిమిది నెలల్లో ఆ దాకలి మీద అతను వేసిన దెబ్బల్లో సగం వంకరవే. అయినా ఆ చప్పుడు లేని ఆదివారాన్ని ఊహించుకోలేకపోయాడు.

"పొగ రాని కొలిమి కడతానవ్వా. నెలాఖరు దాకా ఆగు."

ఆమె ఆగుతాననీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఇంక ఓబులేసుకు తిండి ధ్యాస లేదు. పరాయి దేశాల్లో జనం ఇంటి పెరళ్ళలో నాలుగు ఇటుకలు పేర్చి, ప్రొపేన్ గ్యాస్ పెట్టి, సరదాకి కత్తులూ కొక్కేలూ చేసుకుంటున్న వీడియోలు ఫోన్లో చూశాడు. హిందూపురం దాకా వెళ్ళి ఫైర్ బ్రిక్స్ తెచ్చాడు. తెల్లగా, రొట్టెముక్కల్లా తేలిగ్గా ఉన్నాయవి. రంపం పెడితే కోసుకుపోతున్నాయి. కోస్తున్నంతసేపూ ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఇంత తేలిక ఇటుక అంత మంటను ఎలా ఓర్చుకుంటుందా అని తిప్పి తిప్పి చూశాడు.

ఇనుప చట్రంలో కింద, పక్కల, పైన ఇటుకలు పేర్చి చిన్న పెట్టెలా కట్టాడు. ముందూ వెనకా తెరిచి ఉంచాడు. పైనుంచి ఒక ఇనుప గొట్టం దించి, దానికి బర్నర్ బిగించాడు. హోటళ్ళవాళ్ళు వాడే పెద్ద గ్యాస్ బండను దూరంగా నిలబెట్టి, రబ్బరు గొట్టం కలిపాడు. అదంతా సుంకులమ్మ ఇంటి పక్కన, మూడువైపులా గాలాడే రేకుల షెడ్డులోనే.

కట్టినన్నాళ్ళూ అతని నోరు ఊరుకోలేదు. దుకాణానికి వచ్చినవాళ్ళను గోడమీది అక్షరాలు చదవమని చెప్పి, వాళ్ళు చదువుతుంటే మధ్యలో బర్నర్ సంగతి ఎత్తుకునేవాడు. "రెండో వరస చదవండి... చదివారా? గాలీ గ్యాసూ గొట్టంలోనే కలవాలన్నమాట."

కట్టడం పూర్తయిన ఆదివారం బండలు కొట్టే గంగాద్రి పన్నెండు ఉలులు పట్టుకుని వచ్చాడు. ఓబులేసు గ్యాస్ తిప్పి అగ్గి అంటించాడు. భగ్గుమంది. ముందువైపు గజం పొడవున, వెనక అర గజం పొడవున మంట బయటికి దూకింది. ఇరుగుపొరుగువాళ్ళు ఇళ్ళలోంచి బయటికి వచ్చి నిలబడ్డారు. ఇద్దరు ఫోన్లు తీశారు.

"చూశావా అవ్వా! పొగ ఉందా? పొగ?" అని అరిచాడు, ఆ గర్జనలో తన గొంతు తనకే వినపడక.

సుంకులమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని మంట వైపు చూస్తూ తలాడించింది.

ఉలిని లోపల పెట్టాడు. పది నిమిషాలైంది, ఇరవై అయింది. ఉలి మొన ఎండుమిరపకాయ రంగు దాకా వచ్చి అక్కడే ఆగింది. మొన తీయాలంటే మామిడిపండు రంగు రావాలి. గ్యాస్ ఇంకాస్త తిప్పాడు. మంట ఇంకో జానెడు బయటికి సాగింది. గ్యాస్ బండ చుట్టూ మంచు పేరుకుంది. ఉలి రంగు మారలేదు.

అందరూ చూస్తున్నారు. ఇంక ఉండబట్టలేక బయటికి తీసి దాకలి మీద పెట్టి కొట్టాడు. నాలుగో దెబ్బకు మొన నిలువునా చీలింది.

గంగాద్రి చీలిన ఉలినీ ఓబులేసునూ మార్చి మార్చి చూశాడు. మంచి మనిషి. "పోనీలే అన్నా. రేపు పనుండాది, నేను యాడైనా సూసుకుంటాలే," అని తక్కిన పదకొండూ గోతంలో వేసుకుని వెళ్ళిపోయాడు. జనం కూడా ఇళ్ళలోకి వెళ్ళిపోయారు.

ఓబులేసు సుంకులమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎందుకవ్వా కాగలేదు? గొట్టం చివర బెజ్జం పెద్దదైందంటావా? ఇంకో బర్నర్ పెట్టేదా? ఇటుకలు మంచివి కావేమో. లేకపోతే ఈ గ్యాస్‌లోనే..."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. వస్తూ ఒక సత్తుగిన్నె తెచ్చింది. అందులో నీళ్ళు, పాలు, టీపొడి, బెల్లం అన్నీ కలిపేసి ఉన్నాయి. కొలిమి నోటికి మూరెడు దూరంలో ఒక రాయి పెట్టి, గిన్నె దాని మీద ఉంచింది.

"ఎలిగించు," అంది.

వెలిగించాడు. బయటికి దూకిన మంట గిన్నెను చుట్టేసింది. ఓబులేసు వంద లెక్కపెట్టేలోగానే టీ పొంగి రాయి మీదికి కారింది. ఆమె పటకారుతో గిన్నె దించి, మసిబారిన అడుగును ఇసుకలో ఆనించి, రెండు గ్లాసుల్లో పోసింది. ఒకటి అతనికిచ్చింది.

అతను గ్యాస్ కట్టేసి గ్లాసు అందుకున్నాడు. ఏమీ అర్థం కాలేదు. రెండు గుక్కలు తాగాడు.

"బాగా కాగిండాది," అందామె.

"అవ్వా, నేనడిగింది ఇనుము సంగతి."

"నేనూ దాని సంగతే చెప్తాండా." ఆమె ఇంకో గుక్క తాగింది. "దాని వంతే నాయనా, మనం తాగేది."

ఓబులేసు గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. కొలిమి నోటి వైపు చూశాడు. అక్కడిప్పుడు మంట లేదు. కానీ ఇందాక తను మురిసిపోతూ చూసింది, జనం ఫోన్లలో పట్టుకెళ్ళింది, ఆ గజం మంటనే.

టీ పూర్తిచేయకుండానే లేచాడు. మిగిలిన ఇటుకలు తెచ్చి వెనకవైపు పూర్తిగా మూసేశాడు. ముందువైపు కూడా సందు లేకుండా మూసేశాడు. ఉలి పట్టేంత కంత మాత్రం వదిలాడు. మళ్ళీ అంటించాడు.

కొలిమి బుప్ అంది. బుప్ బుప్ అంది. మంట నీరసించి, గొట్టంలోకి వెనక్కి దగ్గుతున్నట్టు చప్పుడొచ్చింది. పచ్చి గ్యాస్ వాసన కొట్టింది. సుంకులమ్మ ఎప్పుడు లేచిందో, అప్పటికే వెళ్ళి గ్యాస్ కట్టేసింది.

"ఇదేంటవ్వా? మూస్తే మంచిదే కదా? లోపలే ఉంటుంది కదా వేడి?"

ఆమె దగ్గరికొచ్చి రెండు వేళ్ళతో అతని ముక్కు పట్టుకుని, అరచేత్తో నోరు మూసింది. గట్టిగా. నలభై ఏళ్ళు సమ్మెట ఎత్తిన చెయ్యి అది. ఓబులేసు కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత గింజుకుని విడిపించుకుని, ఒగరుస్తూ ఆమెను చూశాడు.

ఆమె పోయి పీట మీద కూర్చుని తన టీ తాగేసింది.

ఓబులేసు ఊపిరి కుదుటపడ్డాక జేబులోంచి చిన్న పుస్తకం, పెన్సిలు తీశాడు. "అయితే సందు ఎంత ఉండాలి? రెండు వేళ్ళా? మూడా?"

"నన్నడిగితే నాకేం తెలుసు? నా జన్మలో గ్యాసు కొలిమి సూడలేదు," అంది సుంకులమ్మ. "దాన్నే అడుగు."

మర్నాటి నుంచి ఓబులేసు దుకాణం తెరవకముందే షెడ్డుకు రావడం మొదలుపెట్టాడు. ఉలులేమీ పెట్టేవాడు కాదు. ఉత్త కొలిమి వెలిగించి ముందు కూర్చునేవాడు. మొదటిరోజు సందు నాలుగు వేళ్ళు. పుస్తకంలో రాసుకున్నాడు. రెండోరోజు మూడు. ఇటుకను వేలెడు జరిపితే చప్పుడు మారుతోంది. గర్జన తగ్గి, సన్నని రొద అవుతోంది. ఇంకాస్త జరిపితే దగ్గు మొదలవుతోంది. మళ్ళీ వెనక్కి జరిపాడు.

మూడోరోజు ఒక వింత కనిపెట్టాడు. గ్యాస్ కొంచెం తగ్గించాడు. గోడలు నల్లబడతాయనుకున్నాడు. అవి ఇంకా ఎర్రబడ్డాయి. నమ్మలేక మళ్ళీ పెంచాడు, మళ్ళీ తగ్గించాడు. అంతే. గ్యాస్ గట్టిగా వదిలినప్పటికన్నా మెల్లగా వదిలినప్పుడే ఇటుకలు వేడిని పీల్చుకుంటున్నాయి. వెలిగించిన వెంటనే కాదు, పావుగంట పోయాక లోపల మూలలు కూడా మెరుస్తున్నాయి. అప్పుడు మంట ఎక్కడుందో, గోడ ఎక్కడుందో తేడా తెలియడం లేదు. బయటివైపు ఇటుక దగ్గరగా చెయ్యి పెట్టాడు. ఎండలో ఉన్న గోడంత వెచ్చగా ఉందంతే. లోపల ఆ రంగు, బయట ఈ వెచ్చదనం. నాలుగంగుళాల తెల్ల ఇటుక మధ్యలో ఏం జరుగుతోందో అని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు. ఆరోజు దుకాణం గంట ఆలస్యంగా తెరిచాడు.

సుంకులమ్మ పొద్దున్నే వాకిలి ఊడుస్తూ షెడ్డు వైపు ఒక చూపు చూసేది. పలకరించేది కాదు.

నాలుగోరోజుకు పుస్తకం తీసుకురావడం మరిచిపోయాడు. ఐదోరోజు మరిచిపోయిన సంగతే గుర్తు రాలేదు.

"ఏమైంది సార్ మీ కొలిమి? బర్నర్ సంగతి సగంలో ఆపేశారు," అని అద్దాలు తీసుకోవడానికి వచ్చిన ఒకాయన అడిగాడు.

"చూస్తున్నానండి," అన్నాడు ఓబులేసు. రెండో వరస చదవమన్నాడు.

ఆదివారం వచ్చింది. నెలలో చివరి ఆదివారం. పాత ఇనుమువాళ్ళు మధ్యాహ్నానికి బండి తెస్తామని కబురు పంపారు. సుంకులమ్మ పొద్దున్నే దాకలిని తడిగుడ్డతో తుడిచి, దాని ముందు కాసేపు నిలబడి, వెళ్ళి పీట మీద కూర్చుంది.

ఓబులేసు వెలిగించి చాలాసేపైంది. సన్నని రొద తప్ప ఏమీ లేదు. పట్టపగటి వెలుతురులో కొలిమి నోటి దగ్గర నాలుకంత మంట కూడా కనిపించడం లేదు. ఈసారి ఇరుగుపొరుగు ఎవరూ బయటికి రాలేదు.

గంగాద్రి అటుగా పోతూ ఆగాడు. భుజాన మొన మొద్దుబారిన గడ్డపార ఉంది. షెడ్డులోకి తొంగిచూశాడు.

"ఏమన్నా, ఇయ్యాల ఎలగనే లేదా?"

ఓబులేసు నోరు తెరిచాడు. సందు గురించి, ఇటుకల గురించి, గ్యాస్ తగ్గిస్తే వేడి పెరగడం గురించి చెప్పడానికి ఎంతో ఉంది. గంగాద్రి ముఖం చూశాడు. నోరు మూసుకుని, లేచి వెళ్ళి, అతని భుజం మీది గడ్డపార అందుకున్నాడు. మొనను ఇటుకల సందులోంచి లోపలికి తోశాడు.

ముగ్గురూ ఎదురుచూశారు.

ఎండుమిరపకాయ రంగు వచ్చింది, పోయింది. దోరపండు రంగు వచ్చింది. ఓబులేసు కదల్లేదు. కళ్ళు చికిలించి, ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ, మొన గోడల రంగులో కలిసిపోయేదాకా చూశాడు. అప్పుడు రెండు చేతులా బయటికి లాగి దాకలి మీద ఆనించాడు. పచ్చగా, మెత్తగా, మామిడిపండులా మెరుస్తోందది.

అలవాటుగా సమ్మెట కోసం పక్కకు చూశాడు. ఉండాల్సిన చోట అది లేదు.

సుంకులమ్మ పీట మీది నుంచి లేచింది. కొంగు నడుముకు బిగించింది. సమ్మెట ఆమె చేతిలో ఉంది. దాకలికి అవతలివైపు వచ్చి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. దాకలి అంచున ఉన్న చిన్న సుత్తిని కళ్ళతోనే అతనికి చూపించింది.

"యాడ కొట్టాల్నో సూపీ నాయనా," అంది. "సల్లారిపోతాది."