కొండాకు, ఏటాకు

నీలకంఠానికి విసుగొచ్చేసింది. గంజాయి మొక్క ఒక జాతా, రెండు జాతులా? గురువు చెన్నమల్లయ్య గారి వైద్యశాలలో ఈ ఒక్క ముడి విప్పడానికే అతని వయసంతా అరిగిపోతోంది.

కొండ మీద దొరికేది పొట్టిగా, గుబురుగా, వెడల్పాకులతో ఉంటుంది. ఏటి ఒడ్డుది మనిషెత్తు దాటుతుంది, ఆకు సన్నం, నారకు పనికొస్తుంది. కొండదానికి విజయ అనీ, ఏటిదానికి భంగి అనీ పేర్లు ఖాయం చేసి హమ్మయ్య అనుకున్నాడు. తీరా కొండ విత్తనం ఏటి ఒడ్డున చల్లితే పొడుగ్గా లేచింది. పోనీ రెండూ ఒకటే అనుకుందామంటే, వాసన మాత్రం కొండదే. ఆ మొక్క తనను వెక్కిరిస్తోందనిపించి అతనికి ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నం కూడా రెండు గుడ్డల మీద రెండు రకాల ఆకూ పరుచుకుని కూర్చున్నాడు. బయట అరుగు మీద ఒక ముసలామె కడుపునొప్పితో మూలుగుతోంది. ఆమెకు మందు నూరమని గురువుగారు పొద్దున్నే చెప్పారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగే రకం కాదు నీలకంఠం. ఆ మూలుగు అతని చెవిన పడలేదు, అంతే.

గురువుగారు గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చారు. ఆయనకూ ఓపిక తగ్గింది.

"మందేదిరా?"

"ఏది నూరాలో తేలలేదయ్యా. గ్రంథంలో విజయ అన్నది కొండాకో, ఏటాకో..."

ఆయన చతికిలబడ్డారు. ఈ గుడ్డ మీది నుంచి కొంత, ఆ గుడ్డ మీది నుంచి కొంత తీసి కల్వంలో వేసి నూరసాగారు. ఇన్నేళ్లు విడదీసినవి కళ్ల ముందే ఒకే ముద్దవుతుంటే నీలకంఠం ప్రాణం ఉసూరుమంది.

పాలల్లో కలిపి గిన్నె చేతికిచ్చారు.

"ఏ పేరు చెప్పి ఇవ్వమంటారయ్యా?" అన్నాడు నిష్ఠూరంగా.

"ఆమె పేరేంటి?"

నీలకంఠం ఆ పేరు ఎప్పుడూ అడగలేదు. ఆమె వచ్చి వారమవుతోంది.

"కనుక్కో," అని గురువుగారు అక్కడే నేల మీద ఒరిగి కళ్లు మూసుకున్నారు.

నీలకంఠం అరుగు మీదికెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. "అమ్మా, నీ పేరేంటి?"

ఆమె కళ్లు తెరవడానికి కాసేపు పట్టింది. "సుంకులమ్మ, నాయనా."

తల ఎత్తి పట్టి గిన్నె నోటికి అందించాడు.

"ఇదేం ఆకు నాయనా?"

తెలిసిన పేర్లన్నీ నీలకంఠం నాలుక చివరిదాకా వచ్చి ఆగాయి.

"నొప్పి తగ్గే ఆకు, సుంకులమ్మా. తాగు."