పటంలో ఒంటరి రాజు

కోనగిరి రాజు జగపాలుడికి తను గెలిచిన యుద్ధం ఊరూరా పాడించడానికి బొమ్మల పటం కావాల్సివచ్చింది. పటం గీసే ఓదెమ్మ ఉండేది కోటకు చాలా దూరాన. గీసినంతవరకు ఆమె చుట్టి రాజు పంపిన రౌతు చేతికిచ్చేది. రాజు చూసి మార్పులు చెప్పి పంపేవాడు.

"నా వెనక ఆ సైనికుల గుంపేమిటి? తీసెయ్యి" అని మొదటి కబురు.

ఆ సైనికుల్లో సగంమంది ఓదెమ్మ ఊరివాళ్లే, యుద్ధం నుంచి తిరిగి రానివాళ్లు. కాదంటే పటం ఇంకొకరి చేతికి పోతుంది. గుండె రాయి చేసుకుని వాళ్లమీద తెల్లరంగు పూసింది.

"శత్రువులు నాకంటే ఎత్తుగా ఉన్నారు. వాళ్లనీ తీసెయ్యి" అని మళ్లీ కబురు.

ఈసారి ఓదెమ్మ వెంటనే తీసేసి, రౌతుతో అంది: "బాబూ, బయలు మైదానంలో ప్రభువులొక్కరే గుర్రాన్ని దౌడు తీయిస్తున్నారు. ఎందుకని జనం అడిగితే పాడేవాళ్లు ఏం చెప్పాలో కనుక్కుని రా."

రౌతు నవ్వుతూ తిరిగొచ్చాడు. "శత్రువును తరుముతున్నానని చెప్పబోయారమ్మా, శత్రువు లేడు. సైన్యాన్ని నడిపిస్తున్నానని చెప్పబోయారు, సైన్యం లేదు. పారిపోతున్నట్టే ఉందని ఆయనే ఒప్పుకున్నారు. అందర్నీ మళ్లీ గీయమన్నారు."

ఓదెమ్మ తన ఊరివాళ్లను ఈసారి రాజు గుర్రం పక్కనే గీసింది. పటం ఆ ఊరొచ్చిన రోజు ఒక ముసలితల్లి లేచివెళ్లి, బొమ్మలోని కొడుకు చెంప నిమిరింది. ఆమె చెయ్యి తీసేదాకా పాట ఆగింది.