రేలమ్మ గీరి చూసిన గుట్ట

ఇప్పలమడుగు అడవిలో దుప్పులు, కుందేళ్లు, నెమళ్లు, అడవికోళ్లు కలిసిమెలిసి ఉండేవి. అడవి అంచున ఒక వాగు పారేది. వాగుకు అవతల ఒక పెద్ద గుట్ట ఉండేది.

ఆ గుట్ట మొదటినుంచీ ఉన్నది కాదు. ఒకప్పుడు అక్కడా అడవే ఉండేది. మనుషులు బొగ్గు కోసం ఆ నేలంతా తవ్వారు. చెట్లు పోయాయి. జంతువులన్నీ వాగు దాటి ఇవతలికి పారిపోయి వచ్చాయి. చాలా ఏళ్ల తర్వాత బొగ్గు అయిపోయింది. మనుషులు తవ్విన మట్టిని గుట్టగా పోసి, దానిమీద మొక్కలు నాటి వెళ్లిపోయారు.

ఆ ఏడు ఇవతలి అడవిలో మేత కరువైంది. దుప్పి పిల్లల పక్కటెముకలు బయటపడ్డాయి. అప్పటికి తొలకరి పడింది. పెద్ద వానలు మొదలైతే వాగు పొంగుతుంది. ఇక రెండు నెలల దాకా ఎవరూ దాటలేరు.

దుప్పుల మందకు పెద్ద శిఖరుడు. కొమ్ములు చూసుకుని మురిసిపోయేవాడు. అతను వాగు ఒడ్డున నిలబడి గుట్టను చూశాడు.

"అదిగో, తూర్పు వాలంతా ఎంత పచ్చగా ఉందో! రేపే పోదాం" అన్నాడు.

రేలమ్మ అనే అడవికోడి ముందుకు వచ్చింది.

"దూరపు కొండలు నునుపు, శిఖరయ్యా! నాలుగు రోజులు ఆగండి. నేను వెళ్లి చూసి వస్తాను."

"ఏం చూస్తావు?"

"ఏమేం మొలిచాయో, అందులో మేతకు పనికొచ్చేవి ఎన్నో, కింద మన్ను ఎలా ఉందో చూస్తాను."

శిఖరుడు పకపకా నవ్వాడు. "నీ పిడికెడు గోళ్లతో గీరి, అంత పెద్ద గుట్ట గుట్టు చెబుతావా?"

చుక్కమ్మ అనే ఆడదుప్పి మాత్రం నవ్వలేదు. ఆమె బిడ్డ నీరసంగా కాళ్ల దగ్గర పడుకుని ఉంది. "నాలుగు రోజులే కదా, మామా! నా బిడ్డ వాగును ఒక్కసారే దాటగలదు. రేలమ్మక్కను చూసి రానివ్వండి" అంది.

రేలమ్మ వాగు దాటి ముందు తూర్పు వాలు ఎక్కింది. వంద అడుగులకు ఒకచోట ఆగేది. రెక్కలు చాపినంత మేర అక్కడున్న మొక్కలన్నీ చూసేది. తర్వాత గోళ్లతో నేలను గీరేది. పైన మనుషులు వరసగా నాటిన చెట్లు. కింద ఎక్కడ చూసినా వయ్యారిభామ మొక్కే. అది తింటే నోరు పొక్కుతుంది. గీరితే నల్లటి రాళ్లపొడి, ఒక్క పురుగైనా లేదు.

తర్వాత రేలమ్మ పడమర వాలు ఎక్కింది. అక్కడ పచ్చదనం పలచగా ఉంది. మొదటి రెండు చోట్లా ఉత్త రాళ్లే. 'ఏ ముఖం పెట్టుకుని తిరిగి వెళ్లను?' అనుకుంది. అయినా మూడోచోట ఆగింది. ముక్కుతో ఒక గడ్డిపరక పట్టి లాగింది. అది రాలేదు! పక్కనే నేరేడు మొలక, తునికి మొలక, రేల మొలక. అవి వరసలో లేవు. మనుషులు నాటినవి కావు. పిట్టలు, గాలి తెచ్చిన గింజలవి.

ఆమె నేలను గీరింది. మన్ను చల్లగా తగిలింది. అందులో ఒక వానపాము మెలికలు తిరిగింది. రేలమ్మ సంబరంగా దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత తినేసింది.

నాలుగో రోజు తిరిగి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "తూర్పున కనిపించే పచ్చదనమంతా వయ్యారిభామే, కింద ఉత్త రాళ్లపొడే. పడమర వాలుకు పోదాం. అక్కడ ఇరవై చోట్ల చూశాను. ఆరుచోట్ల రాళ్లే. మిగతా చోట్ల గడ్డి గట్టిగా వేరు పట్టింది. ఎవరూ నాటని మొక్కలు మొలుస్తున్నాయి. ఆ నేలకు మళ్లీ ప్రాణం వస్తోంది."

"పచ్చటిది వదిలేసి పలచటిదానికి పొమ్మంటావా? నేను తూర్పుకే పోతాను" అన్నాడు శిఖరుడు.

ఏడు దుప్పులు అతని వెంట నడిచాయి. మిగతావి చుక్కమ్మతో కలిసి పడమర వాలుకు చేరాయి.

రెండు రోజులకే పెద్ద వాన పట్టుకుంది. మూడు రోజులు ఏకధారగా కురిసింది. రేలమ్మ పొద కింద ముడుచుకుని కూర్చుంది. 'నా మాట నమ్మి ఇంతమంది వచ్చారు. ఈ మన్ను జారితే నా గతేమిటి?'

నాలుగోనాటి పొద్దున వాన తెరిపిచ్చింది. రేలమ్మ గబగబా వాలు కిందికి పరిగెత్తింది. గుట్ట మీంచి నీళ్లు దిగుతున్నాయి. మట్టిని గడ్డివేళ్లు పట్టి ఉంచాయి. నీళ్లు తేటగా ఉన్నాయి! రేలమ్మ ముక్కు ముంచి ఆ నీళ్లు తాగింది.

తూర్పు వాలు మాత్రం కోసుకుపోయింది. శిఖరుడు నల్లటి బురదలో పొట్టదాకా దిగబడ్డాడు. పైకి వచ్చే పెనుగులాటలో ఒక కొమ్ము విరిగింది. వయ్యారిభామ తిని అందరి నోళ్లూ పొక్కాయి. ఆకలితో కాళ్లీడ్చుకుంటూ గుట్ట చుట్టూ తిరిగి మధ్యాహ్నానికి పడమర వైపు వచ్చారు.

చుక్కమ్మ ఎదురు పరిగెత్తింది. "ఎనిమిది మందీ ఉన్నారా, మామా?"

"ఉన్నాం తల్లీ, ప్రాణాలతో ఉన్నాం" అన్నాడు శిఖరుడు. రేలమ్మ ముందు తల దించుకున్నాడు. "రేలమ్మా, నా పొగరు వీళ్ల ప్రాణం మీదికి తెచ్చింది."

"ముందు గడ్డి తినండయ్యా. మాటలకేం, తర్వాతైనా ఆడుకోవచ్చు" అంది రేలమ్మ.

ఆ రోజునుంచి మంద ఎటు కదలాలన్నా ముందు రేలమ్మనే అడిగేది. వేసవి వచ్చేసరికి రేలమ్మ ఆ పడమర వాలులోనే ఆరు గుడ్లు పెట్టింది. ఆరూ పిల్లలయ్యాయి.

నీతి: పైపై పచ్చదనం చూసి మురిసిపోకూడదు. వేరు ఎంత గట్టిదో తెలుసుకున్నాకే అడుగు వేయాలి.